గురువారమా, శుక్రవారమా?

"నా కొంగల్ని ఒకరోజు ముందుకు జరపడానికి మీరెవరండీ?"

సోమవారం పొద్దున తొమ్మిదింటికి కంప్యూటర్ల గది గుమ్మంలోంచి ఈ ప్రశ్న వినిపించేసరికి అతను బల్ల కింద దూరి, ఊడిపోయిన వైరు వెతుక్కుంటున్నాడు. ఉలిక్కిపడి లేవబోతే తల ఠంగుమని బల్లకి కొట్టుకుంది. నెత్తి రుద్దుకుంటూ బయటికొస్తే ఎదురుగా ఒకమ్మాయి. ఒక చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగు, ఇంకో చేత్తో పసిబిడ్డలా గుండెకి అదుముకున్న పాత ల్యాప్‌టాప్. తను నిలువునా తడిసింది గానీ దాని మీద మాత్రం ఒక్క చుక్క పడనివ్వలేదు.

అతనికి ఆమె తెలుసు. తెలుసంటే ముఖపరిచయమే. సరస్సు ఒడ్డున ఉన్న ఆ పరిశోధన కేంద్రంలో ఉన్నదే నలభై మంది. ఆమె వలస పక్షుల మీద పని చేస్తుంది కాబట్టి అందరూ 'కొంగలమ్మాయి' అంటారు. అతనికీ ఒక పేరు పెట్టారు. 'వేరు కాపురాలాయన'.

ఆ పేరు ఊరికే రాలేదు. ఏ ప్రోగ్రామ్ రాసినా మొత్తం మనమే రాయం కదా. ఎవరో ఎప్పుడో రాసి పెట్టిన ప్యాకేజీలు పదుల కొద్దీ తెచ్చి వాడుకుంటాం. ఒక ప్రోగ్రామ్‌కి తెచ్చినవి ఇంకో ప్రోగ్రామ్‌వాటితో కలిస్తే గొడవలొస్తాయని, దేనికది విడిగా ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోవాలని అతని పట్టు. "ఏం లేదండీ, వేరు కాపురం లాంటిది. ఒకరి గిన్నెలు ఇంకొకరు ముట్టుకోకూడదు" అని మొదటి మీటింగులోనే చెప్పాడు. అంతే, అతుక్కుపోయింది. అందరి చేతా వేరు కాపురాలు పెట్టిస్తున్నావు, నీ కాపురం ఎప్పుడు నాయనా అని డైరెక్టర్ మేడమ్ కూడా అడిగేది.

"కొంగల్నా? నేను జరపడమేంటండీ?"

"మరి? నా ప్రోగ్రామ్ నా ల్యాప్‌టాప్‌లో నడిపితే గుంపు శుక్రవారం సాయంత్రం వస్తుందంటోంది. మీ సర్వర్‌లో నడిపితే గురువారం అంటోంది. అదే ప్రోగ్రామ్, అదే డేటా. ఒక్క కామా మార్చలేదు."

"అయితే మీ ల్యాప్‌టాపే తప్పు."

"అంత ధీమా ఏంటో!"

"సర్వర్‌లో అన్నీ కొత్త వెర్షన్లండీ. పోయిన వారమే అప్‌డేట్ చేశాను."

"ఓహో. కొత్తగా వచ్చినవాళ్ళు ఏం చెప్తే అదే రైటా? ముందునుంచీ ఉన్నవాళ్ళకి నోరే లేదా?"

అతనికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వండి" అని ల్యాప్‌టాప్ అందుకుని తెరిచాడు. ప్యాకేజీల లిస్టు అడిగితే తెర కిందికి జారిపోతూనే ఉంది. ఐదేళ్ళుగా ఎప్పుడు ఏది కావాలంటే అది తెచ్చి ఒకేచోట కుక్కేసింది. నూట నలభై మూడు.

"ఇది ల్యాప్‌టాపా, పెళ్ళివారి విడిదా?"

"విడిదైతే ఏంటి? ఇంతవరకు ఒక్కరు కూడా అలిగి వెళ్ళిపోలేదు."

"మరి పోయినేడు? పోయినేడు ఇది ఏ రోజని చెప్పింది?"

ఆమె ముఖంలో వెలుగు తగ్గింది. "ఆదివారం."

"కొంగలు ఎప్పుడొచ్చాయి?"

"శుక్రవారం."

"ఇంకేం! రెండు రోజులు తప్పిందన్నమాట. తేలిపోయింది కదండీ!" అన్నాడు అతను, క్విజ్ గెలిచినవాడిలా.

ఆమె ల్యాప్‌టాప్ మూసి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. గొడుగు గోడవారనే ఉండిపోయింది. బయట ఇంకా వాన పడుతూనే ఉంది.

* * *

మధ్యాహ్నం డైరెక్టర్ మేడమ్ పిలిచింది.

"ఏమన్నావయ్యా ఆ పిల్లని?"

"నేనా? ఏం అనలేదు మేడమ్. పోయినేడు తప్పింది కాబట్టి ఈ యేడూ..."

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "సరస్సు అవతలి కొండ మీద గాలిమరలు చూశావా?"

చూశాడు. కిటికీలోంచి రోజూ కనిపిస్తాయి. ముప్ఫై నాలుగు. తెల్లగా, తీరిగ్గా తిరుగుతుంటాయి.

"కొంగల గుంపు ఆ కొండ మీదుగానే సరస్సులోకి దిగుతుంది. దిగేది సాయంత్రం, వెలుగు తగ్గే వేళ. అప్పుడు బాగా కిందుగా వస్తాయి. మనం ఒక రోజు ముందు ఉత్తరం రాస్తే కంపెనీవాళ్ళు ఏడాదిలో ఒక్క సాయంత్రం మరలు ఆపుతారు. ఒక్కటే. పోయినేడు ఆ పిల్ల ఆదివారం అంది. ఆదివారం ఆపారు. శుక్రవారం తిరుగుతూనే ఉన్నాయి."

అతనికి అర్థమవడం మొదలైంది. అర్థం కాకపోతే బాగుండుననిపించింది.

"అరవై ఒకటి" అంది మేడమ్. "శనివారం పొద్దున చచ్చిపడున్న ఆ అరవై ఒకటినీ తన చేతులతో ఏరినాయన ఆ మరల సూపర్‌వైజర్. ఆయన ఎవరో తెలుసా? ఆ పిల్ల వాళ్ళ నాన్న."

అతను కుర్చీలో కూర్చోలేకపోయాడు, లేవలేకపోయాడు.

"బుధవారం మధ్యాహ్నంలోగా ఉత్తరం వెళ్ళాలి. అందులో ఒక్క రోజే ఉండాలి. దాని కింద మీ ఇద్దరి సంతకాలూ ఉండాలి. వెళ్ళు. ముందు ఆ గొడుగు ఇచ్చిరా."

* * *

సరస్సు గట్టు మీద చెక్కతో కట్టిన చిన్న గది ఉంది. పక్షుల్ని చూడ్డానికి. కంప్యూటర్ల గదినుంచి నడిస్తే ఏడు నిమిషాలు. మూడేళ్ళలో అతను ఒక్కసారీ అటు నడవలేదు.

ఆమె లోపల నేల మీద కూర్చుని దుర్భిణి అద్దాలు తుడుస్తోంది. అతను గుమ్మంలోనే నిలబడ్డాడు.

"గొడుగు."

"అక్కడ పెట్టండి."

పెట్టాడు. వెళ్ళలేదు. "నాకు తెలియక అన్నాను. తెలిసి ఉంటే అనేవాణ్ణి కాదని చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉందండీ. తెలియకపోయినా అనకూడదు."

అద్దాలు తుడుస్తూనే ఆమె తనలో తాను చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"నాకు పదేళ్ళప్పుడు ఓ పొద్దున నాన్న కొండ దిగి వస్తున్నాడు. చేతుల్లో కొంగ. మనిషంత పొడుగుంది. ఒక రెక్క నేల మీద ఈడుస్తోంది. నిద్రపోయిన పిల్లని మంచం మీదికి మోసుకెళ్తారే, అలా పట్టుకొచ్చాడు. అరుగు మీద పడుకోబెట్టి, రెక్క సర్ది, చాలాసేపు దాని పక్కన కూర్చున్నాడు. అవి ఎక్కణ్ణుంచి వస్తాయి నాన్నా అంటే, తెలీదమ్మా అన్నాడు. ఎప్పుడొస్తాయి అంటే అదీ తెలీదన్నాడు. తెలిస్తే ఆపేవాణ్ణి కదా అన్నాడు."

దుర్భిణి పక్కన పెట్టింది.

"అప్పట్నుంచీ అదే నా చదువు."

అతను కంప్యూటర్లు చదివింది మార్కులు వచ్చాయి కాబట్టి. ఈమె పదేళ్ళప్పుడు వేసిన ఒక ప్రశ్నని పట్టుకుని ఇంతదాకా నడిచొచ్చింది. వానలో తడిసిన జుట్టుతో నేల మీద కూర్చున్న ఆ అమ్మాయి అతనికి ఉన్నట్టుండి చాలా పెద్దదిగా కనిపించింది.

"ఎలా లెక్క కడతారు మరి?" అని మెల్లగా అడిగాడు.

"పదకొండు కొంగల కాళ్ళకి ట్యాగులున్నాయి. కానీ చివరి రెండు రోజులూ పెద్ద కొండల మీదుగా వస్తాయి, అక్కడ సిగ్నల్ ఉండదు. దారిలో నలభై చోట్ల గాలి కొలిచే స్టేషన్లున్నాయి. వెనకనుంచి గాలి గట్టిగా వీస్తే తొందరగా వస్తాయి, లేకపోతే ఆలస్యం. అంతే నా ప్రోగ్రామ్."

"మనిద్దరిలో ఎవరు రైటో నాకొద్దండీ. ఒకే ప్రోగ్రామ్ రెండు మాటలు ఎందుకు చెప్తోందో పట్టుకుందాం. ల్యాప్‌టాప్ తెస్తారా?"

ఆమె అతనివంక అనుమానంగా చూసింది. "పెళ్ళివారి విడిది అనరుగా?"

"అనను. అంటే గొడుగుతో కొట్టండి."

* * *

మంగళవారం పొద్దున ఎనిమిదింటికే కంప్యూటర్ల గదిలో మొదలుపెట్టారు.

అతను ఆమె ల్యాప్‌టాప్‌లో ఉన్న నూట నలభై మూడు ప్యాకేజీలనీ వెర్షన్ నంబర్లతో సహా రాసుకున్నాడు. సర్వర్‌లో ఒక కొత్త ఎన్విరాన్‌మెంట్ పెట్టి, అందులో ఏవేవి ఎంత పాతవో అంత పాతవే తెచ్చి పెట్టాడు. ప్రోగ్రామ్ నడిపితే అరగంట పడుతుంది. ఇద్దరూ తెరవంకే చూస్తూ కూర్చున్నారు.

శుక్రవారం, అని వచ్చింది.

"అంటే మీ సర్వర్ కూడా నా మాటే చెప్తోంది!" అని ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది.

"చెప్తోంది. కాబట్టి తేడా మెషిన్‌లో లేదు, డేటాలో లేదు. ప్యాకేజీల్లోనే ఉంది. రెండు లిస్టులకీ వెర్షన్ తేడా ఉన్నవి అరవై నాలుగు. అందులో ఎవరో ఒకరు."

"అరవై నాలుగూ ఒక్కోటి మార్చి చూడాలా? రేపు మధ్యాహ్నానికి ఉత్తరమండీ!"

"అక్కర్లేదు. సగం కొత్తవి పెడదాం, సగం పాతవి ఉంచుదాం. జవాబు గురువారానికి మారితే దొంగ కొత్త సగంలో ఉన్నట్టు. మారకపోతే రెండో సగంలో. తర్వాత అందులో సగం. ఆరుసార్లలో దొరకాలి."

చెప్పినంత తేలిగ్గా సాగలేదు. ఒక ప్యాకేజీ కొత్తది పెడదామంటే పక్కనున్నది దాంతో ఉండనని మొరాయించేది. దాన్ని మారిస్తే ఇంకోటి ముఖం తిప్పుకునేది. అతను ఒక్కొక్కదాన్ని బుజ్జగించి కూర్చోబెడుతుంటే ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తోంది.

"మీకు చాలా ఓపికండీ."

"మెషిన్లతోనే. మనుషులతో నిన్న చూశారుగా."

రెండో అరగంటలో టీ తాగుతూ ఆమె అడిగింది, "ఇవన్నీ ఎవరు రాశారు?"

అతను తెర మీద ఒక బొమ్మ తెరిచాడు. పైన ఆమె ప్రోగ్రామ్ ఒక చిన్న చుక్క. దాని కింద అది వాడుకునే ప్యాకేజీలు పది. ఒక్కోదాని కింద అవి వాడుకునేవి. వాటి కింద ఇంకా. తెర నిండా వేళ్ళు పాకినట్టు గీతలు.

"మీరు రాసింది నాలుగొందల లైన్లు. దాన్ని మోస్తున్నవి ఎన్నో చెప్పమంటారా? దగ్గరదగ్గర ఇరవై లక్షల లైన్లు."

ఆమె కప్పు కింద పెట్టేసింది.

"ఇదుగో, ఇది చూడండి" అని ఒక మూలన ఉన్న చుక్క నొక్కాడు. "గాలి వేగాలకి గంట గంటకీ సగటు కట్టేది ఇదే. ఎవరో రిటైరైన లెక్కల మాస్టారు రాశారు. పంతొమ్మిదేళ్ళుగా ఒక్కరే చూసుకుంటున్నారు. ఎవరు ఏ అనుమానం రాసినా జవాబిస్తారు. ఆయనకి మీ కొంగల సంగతి తెలీదు. తెలిసే దారి కూడా లేదు."

"ఒక్క పైసా తీసుకోకుండానా?"

"ఊరికే. ఇవన్నీ ఊరికే. వాళ్ళలో ఎవరూ ఎవర్నీ చూసి ఉండరు."

ఆమె ఆ గీతల మీద వేలు పెట్టి కిందికి, ఇంకా కిందికి నడిపించింది. ఏ దేశాల్లోనో, ఏ గదుల్లోనో కూర్చుని, ఎవరికి పనికొస్తుందో కూడా తెలియకుండా ఇంతమంది ఇంత రాసిపెట్టారు. వాళ్ళందరి భుజాల మీద ఎక్కి, గట్టు మీది చెక్కగదిలోంచి తను ఆకాశంలోకి చూస్తోంది. ఇన్నాళ్ళూ ఒక్కదాన్నే అనుకుంది.

"నేను ఒంటరిగా చేస్తున్నాననుకున్నానండీ" అంది. "ఐదేళ్ళు."

అతను తన బిస్కెట్ ఆమె సాసర్లో పెట్టాడు.

సాయంత్రం ఐదు దాటాక ఆరో సగం తేలింది. దొంగ దొరికాడు. లెక్కల మాస్టారి ప్యాకేజీయే.

పాత వెర్షన్‌కీ కొత్త వెర్షన్‌కీ ఏం మారిందో మాస్టారు శుభ్రంగా రాసిపెట్టారు. అతను బయటికి చదివాడు. "ఇంతకుముందు కొలత లేని చోట, అంటే గడి ఖాళీగా ఉంటే, సున్నా అనుకుని సగటు కట్టేది. ఇకనుంచి ఖాళీ గడిని లెక్కలోకి తీసుకోదు."

చదవడం ఆపి బల్ల మీద చరిచాడు. "అదీ సంగతి! మీ ల్యాప్‌టాప్ ఖాళీ ఉన్నచోటల్లా గాలే లేదనుకుంది. గాలి లేకపోతే కొంగలు ఆలస్యంగా వస్తాయి. అందుకే శుక్రవారం. ఖాళీలు వదిలేస్తే గురువారం. గురువారమే రైటండీ!"

ఆమె నవ్వలేదు. నుదురు ముడిపడింది. "పోయినేటి డేటా మీ కొత్తదాంట్లో నడపండి."

నడిపారు. అరగంట తర్వాత తెర మీద శనివారం అని వచ్చింది. కొంగలు వచ్చింది శుక్రవారం.

అతని ఉత్సాహం నీరుకారిపోయింది. పాతది రెండు రోజులు తప్పింది. కొత్తది ఒక రోజు తప్పింది. తప్పు తప్పే.

"ఖాళీలు ఏ స్టేషన్లలో ఉన్నాయి?" అందామె.

వెతికాడు. "తొమ్మిదింట్లో. అన్నీ వరసగా ఒకేచోట ఉన్నట్టున్నాయి."

"పెద్ద కొండల మధ్య కనుమ" అంది ఆమె. లేచి నిలబడింది. "నేను అక్కడికి ఎక్కానండీ! రెండేళ్ళ కింద. ఆ కొలిచే యంత్రాలకి ఒక హద్దుంటుంది. గాలి ఆ హద్దు దాటితే విరిగిపోకుండా తమంతట తామే ముడుచుకుంటాయి. అప్పుడు ఏమీ రాయవు. నా కళ్ళముందే ముడుచుకున్నాయి, నేను బండ పట్టుకుని కూర్చున్నాను ఎగిరిపోకుండా!"

"అంటే..."

"ఆ ఖాళీలు పిచ్చి గాలండీ. పట్టలేనంత గాలి. ఆ మాస్టారికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? మీ సర్వర్‌కి ఎలా తెలుస్తుంది? నాకు తెలుసు, నేనూ చూసుకోలేదు."

అక్కడికక్కడే కూర్చుని పదకొండు లైన్లు రాసింది. కనుమలో ఖాళీ వస్తే హద్దు వేగం వేసుకోమని. పోయినేటి డేటా మళ్ళీ నడిపారు.

శుక్రవారం, అని వచ్చింది. కింద సమయం కూడా. కొంగలు నిజంగా దిగిన వేళకి పన్నెండు నిమిషాల తేడా.

ఆమె రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. అతను లేచి, కిటికీ దగ్గరికెళ్ళి, ఆమెకి వీపు పెట్టి నిలబడ్డాడు. చూడకపోవడమే మర్యాదనిపించింది. కాసేపయ్యాక వెనకనుంచి తడిగొంతు వినిపించింది.

"ఇంకో బిస్కెట్ ఉందా అండీ?"

* * *

దారిలో గాలి కొలతలు రోజూ పొద్దున ఏడింటికి వస్తాయి. బుధవారం ఏడూ నలభైకి ఈ ఏడాది జవాబు తెర మీద కనిపించింది.

గురువారం లేదు. శుక్రవారం లేదు.

బుధవారం. సాయంత్రం ఐదూ యాభై.

"ఇవాళే!" అన్నారిద్దరూ ఒకేసారి.

డైరెక్టర్ మేడమ్ కంపెనీకి ఫోన్ చేసింది. వాళ్ళు చెప్పింది ఒక్కటే. ఒక రోజు నోటీసు లేకుండా పైనుంచి ఆర్డరు రాదు. కొండ మీదున్న సూపర్‌వైజర్ తన పూచీ మీద ఆపుకుంటే ఆపుకోవచ్చు. కానీ ఏడాదికి ఆ ఒక్క సాయంత్రం అందులోనే అయిపోతుంది. రేపు, ఎల్లుండి అడగడానికుండదు.

జీపులో కొండెక్కుతుంటే ఆమె చేతులు ఒడిలో ముడుచుకుని కూర్చుంది. "పోయినేడు నాన్న ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఇప్పుడు మళ్ళీ నమ్మమని ఏ ముఖం పెట్టుకుని అడగను?"

"నేనూ ఉన్నాను కదా."

"మీరేం చేస్తారు?"

"తెలీదు. ఉంటాను."

సూపర్‌వైజర్ పొట్టి మనిషి. గ్రీజు మరకల కోటు, చెవుల మీదికి లాగిన టోపీ. కూతురు చెప్పిందంతా నిలబడి విన్నాడు. తర్వాత ఆమెని వదిలి అతనివైపు తిరిగాడు.

"కంప్యూటర్లాయన నువ్వేనా బాబూ?"

"అవునండీ."

"సోమవారం నీ మెషిన్ గురువారం అందంట?"

"అందండీ."

"అప్పుడూ ఖాయంగానే చెప్పావంట?"

"చెప్పాను. మీ అమ్మాయి మనసు నొప్పించి మరీ చెప్పాను."

"మరి ఇప్పుడు బుధవారమంటే ఎందుకు నమ్మాలి?"

తలమీద గాలిమర రెక్క హుమ్మని కోసుకుంటూ దాటింది.

"అప్పుడు గురువారమని ఎందుకొచ్చిందో నాకు తెలీదండీ. వచ్చింది కాబట్టి చెప్పాను. ఇప్పుడు బుధవారమని ఎందుకొచ్చిందో తెలుసు. ఎక్కడ తప్పుతున్నామో మీ అమ్మాయి పట్టుకుంది. పోయినేటి కొంగలు కూడా ఆ లెక్కలోనే సరిగ్గా దిగాయి. తప్పదని ప్రమాణం చేయలేను. కానీ నా చేతిలో స్విచ్ ఉంటే ఇవాళే ఆపుతాను."

ఆయన కూతురివంక చూశాడు. "నువ్వో తల్లీ?"

"ఇవాళే నాన్నా."

ఆయన టోపీ సర్దుకుని కంట్రోల్ గదిలోకి నడిచాడు.

ఐదున్నరకి ఒక్కొక్కటీ ఆగడం మొదలైంది. ముప్ఫై నాలుగోది ఆగాక కొండ మీద పడిన నిశ్శబ్దానికి అతనికి చెవులు గింగుర్లెత్తాయి. మూడు రోజుల వాన వెలిసి ఆకాశం కడిగినట్టుంది.

ఐదూ యాభై అయింది. ఏమీ లేదు.

ఆరయింది. ఏమీ లేదు. సూపర్‌వైజర్ కొండ అంచున చేతులు వెనక్కి కట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ఆమె పెదవి కొరుకుతోంది. ఇంకో ఖాళీ గడి ఏదైనా మిగిలిపోయిందా? ఏదైనా చూసుకోలేదా?

ఆరూ మూడుకి ఆమె చటుక్కున అతని మోచెయ్యి పట్టుకుంది. "వినండి."

"ఏం విన..."

"ష్!"

ముందు చప్పుడే వచ్చింది. ఎక్కడో చాలా దూరంలో, వందల బూరలు నీళ్ళ అడుగునుంచి ఊదుతున్నట్టు. తర్వాత ఉత్తరాన కొండల మీద ఒక సన్నని గీత లేచింది. పొగేమో అనుకున్నాడు. గీత రెండైంది, పదైంది, ఆకాశమంతా అల్లుకుంది. ఒకదాని వెనక ఒకటి, వంకర్లు తిరుగుతూ, విడిపోతూ, కలుస్తూ. చూస్తుండగానే తలమీదికి వచ్చేశాయి. ఎంత కిందికంటే, రెక్కల కింద ఈకలు కనిపిస్తున్నాయి. చాచిన మెడలు, వెనక్కి వదిలేసిన కాళ్ళు, పొద్దు వెలుగు పడి బంగారమైన పొట్టలు. రెక్కలు కదిలినప్పుడల్లా పట్టుచీర దులిపినట్టు చప్పుడు. ఆగిన మరల మధ్యలోంచి, రెక్కకీ రెక్కకీ నడుమనుంచి, ఎవరో దారి పట్టుకుని నడిపిస్తున్నట్టు ఎనిమిది వేల కొంగలు దాటిపోతున్నాయి.

అతను నోరు తెరిచి నిలబడిపోయాడు. ఇవి మూడు వేల మైళ్ళు వచ్చాయి. ఆ కనుమలో, యంత్రాలు కూడా ముడుచుకుపోయిన గాలిలో ఎగురుతూ వచ్చాయి. తను రోజూ చూసే అంకెలు ఇవి. ఇంత పెద్దవా ఆ అంకెలు! వీటికి ఊపిరుందా! కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయని అతనికి తెలియలేదు.

ఆమెకి తెలిసింది. ఏటా పైకి చూసే ఆ మనిషి ఈసారి కాసేపు పక్కకి చూసింది.

చివరి వరస సరస్సులో దిగేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఎర్రటి నీళ్ళ మీద బూడిదరంగు దుప్పటి కప్పినట్టుంది. అప్పటికిగానీ అతని మోచెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉందని ఇద్దరూ గమనించలేదు. గమనించాక కూడా ఎవరూ తీసుకోలేదు.

"మూడేళ్ళుగా ఏడు నిమిషాల దూరంలో కూర్చున్నానండీ" అన్నాడు, గొంతు సవరించుకుని. "కిటికీ కూడా తెరవలేదు."

"ఇప్పుడు తెరిచారుగా."

"వచ్చే ఏడు కూడా మీ పక్కనే నిలబడి చూడాలనుంది."

"సరే."

"ఆ పై ఏడు కూడా."

"ఊఁ."

"ఆ పై..."

"ఎన్నేళ్ళని అడుగుతావు?" అంది ఆమె నవ్వుతూ. 'అండీ' ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలియదు. "మొత్తం ఒకేసారి అడగొచ్చుగా."

అడిగాడు. ఏమని అడిగాడో తర్వాత ఎంత ఆలోచించినా అతనికి గుర్తు రాలేదు. ఆమె ఏమందో మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఆ మాట సోమవారమే అని ఉంటే గొడుగుతో కొట్టేదాన్ని. ఇవాళ కాబట్టి సరే."

* * *

గురువారం పొద్దున్నే అతను కంప్యూటర్ల గదిలో ఒక ఫైలు రాస్తున్నాడు. నూట నలభై మూడు ప్యాకేజీల్లో ఈ ప్రోగ్రామ్‌కి నిజంగా కావలసినవి ముప్ఫై ఎనిమిదే. వాటి పేర్లు, వెర్షన్లు, ఏది ఎందుకు ఆ వెర్షన్‌లోనే ఉండాలో కారణం. మాస్టారి ప్యాకేజీ దగ్గర కనుమ గురించి నాలుగు లైన్లు ఎక్కువే రాశాడు. ఆమె పక్కనే కూర్చుని, ఆ మాస్టారికి ఉత్తరం రాస్తోంది. అయ్యా, మీరు మమ్మల్ని ఎరుగరు, అని మొదలుపెట్టింది.

గుమ్మంలో అడుగుల చప్పుడైంది. సూపర్‌వైజర్. బూట్లనిండా బురద, ప్యాంటు మోకాళ్ళదాకా తడి. తెల్లవారకముందే బయల్దేరి ముప్ఫై నాలుగు మరల కిందా గడ్డిలో వెతికి వచ్చినట్టున్నాడు.

ఆమె లేచి నిలబడింది. "నాన్నా?"

ఆయన రెండు అరచేతులూ చాపి చూపించాడు. ఖాళీగా ఉన్నాయి. ఒక్క ఈక కూడా లేదు.

ఆమె వెళ్ళి ఆ చేతుల్లో ముఖం పెట్టుకుంది. ఆయన కూతురి తల మీదుగా అతన్నే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. బురద బూట్లనుంచి నేల మీదికి నీళ్ళు కారుతుంటే, కుర్చీ లాగి కూర్చోమనాలో, తనే లేచి నిలబడాలో తెలియక అతను సగం లేచి ఆగిపోయాడు.

ఆయనే కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"చెప్పు బాబూ" అన్నాడు. "మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరెవరున్నారు?"